పొట్టి బ్యారెల్‌కి గురి తగ్గదు
రైఫిల్ బ్యారెల్ (తూటా బయటికొచ్చే గొట్టం) పొట్టిదైతే గురి దెబ్బతింటుందని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. తగ్గేది తూటా వేగం. .308 అనే రకం తూటాలో బ్యారెల్ తగ్గే ఒక్కో అంగుళానికి సెకనుకు సుమారు 20, 25 అడుగులు పోతుంది, అంతే. పైగా అదే మందంలో పొట్టి బ్యారెల్ ఇంకా బిగువుగా ఉంటుంది, పేలినప్పుడు ఊగడం తక్కువ. ఇక్కడ టెక్సస్‌లో 100, 200 గజాల్లో కాగితం టార్గెట్లు కొట్టే నాలాంటివాళ్లకి 18, 20 అంగుళాలు బోలెడు, 800 గజాలు దాటితే కథ వేరనుకోండి. చప్పుడు మాత్రం దంచేస్తుంది, పక్క బల్ల మీదవాళ్లు ఓ చూపు చూస్తారు. 16 అంగుళాల కంటే కిందికి పోతే ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రైఫిల్ రిజిస్ట్రేషన్ గోల, ఆ జోలికి వెళ్లొద్దు. చవక రైఫిళ్లలో నేను ముందు చూసేది ప్లాస్టిక్ స్టాక్, అంటే బ్యారెల్‌ని మోసే, భుజానికి ఆనించే భాగం. రైఫిల్‌ని బైపాడ్ (ముందువైపు రెండు కాళ్ల స్టాండు) మీద పెట్టి కాస్త ముందుకు ఒత్తి, బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య డాలరు నోటు జరిపి చూడండి, ఇరుక్కుంటే స్టాక్ వంగి బ్యారెల్‌ని తాకుతున్నట్టే, అప్పుడు తూటాలు చెల్లాచెదురుగా పడతాయి, దానికి బ్యారెల్ పొడవుని తిట్టి లాభం లేదు. చవక రైఫిల్ కొంటే మిగిలిన డబ్బులు మంచి స్కోపుకీ (గురి చూసే దుర్భిణి), మ్యాచ్ తూటాలకీ (పోటీల కోసం కచ్చితంగా చేసినవి) పెట్టుకోండి.