సోషల్ పీరియడ్ పోతే పోయేదేమిటి?

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఒక డైనోసార్ అస్థిపంజరం ఉంది. పేరు కోటాసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో దాన్ని నిలబెట్టారు. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న: ఇది ఏ సబ్జెక్టు? ఎముకల గురించి చెప్పేది బయాలజీ సారే. కానీ మన కాళ్ల కింది నేల మీద ఒకప్పుడు ఏం జరిగిందో దొరికిన ఆధారాలతో తేల్చుకోవడం చరిత్ర చేసే పని. ఆ ఎముకలకు మాత్రం మన టైంటేబుల్‌తో సంబంధం లేదు.

పదో తరగతి పరీక్షల్లో సైన్స్‌కి వంద మార్కులు, సోషల్‌కీ వందే. కాగితం మీద రెండూ సమానం. బడిలో అలా ఉండదు. చాలా ప్రైవేటు స్కూళ్లలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. సిలబస్ వెనకబడిందంటే ముందు పోయేది సోషల్ పీరియడే. ‘సోషల్‌లో ఏముందిరా, రెండు రోజులు కూర్చుంటే అయిపోతుంది’ అని ఇంట్లోనూ అంటారు. అసలు చరిత్రకు మన బడిలో సొంత పేరు కూడా లేదు, సోషల్‌లో ఒక ముక్క అది. పది పాసయ్యాక ఎంపీసీయా, బైపీసీయా అని అడుగుతారే తప్ప చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ ఉండే హెచ్‌ఈసీ అన్న మాట ఎవరి నోటా రాదు.

ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టలేను. ఒక్క ఇంజినీరింగ్ డిగ్రీ ఇంటి పరిస్థితిని మార్చేయడం మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా చూశాం. పిల్లల భవిష్యత్తు మీద వాళ్లకున్న టెన్షన్ నిజమైనది. అందుకే ‘చరిత్ర చదివితే సంస్కారం వస్తుంది’ అన్న జవాబు వాళ్లకు సరిపోదు, నాకూ సరిపోదు. చరిత్ర తెలియకపోతే సైన్స్ కూడా సరిగ్గా పనిచేయదన్నది నా వాదన. దానికి సాక్ష్యం కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మూసీ ఒడ్డుకు వెళ్తే చాలు.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. దాదాపు పదిహేను వేల మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన గొప్ప ఇంజినీరు, నిజమే. కానీ ఆయన నేరుగా ఆనకట్ట బొమ్మ గీయడానికి కూర్చోలేదు. ఏం జరిగిందో ముందు తెలుసుకున్నారు. ఎంత వాన పడింది, ఎక్కడ పడింది, మూసీ పరీవాహకంలోని వందల చెరువుల్లో ఎన్ని తెగాయి అని లెక్క తీశారు. రెండు వందలకు పైగా చెరువులు గండిపడి ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయని తేలింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్న సలహా అందులోంచి వచ్చింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. జరిగినదాన్ని ఓపికగా కూడగట్టడం ఒక సగం, లెక్క కట్టి గోడ లేపడం రెండో సగం. మొదటి సగం లేకుండా రెండోది ఏ కొలతతో మొదలవుతుంది?

2020 అక్టోబరుకి వద్దాం. ఒక్క రాత్రి కుండపోతకు హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. మన దగ్గర అప్పుడు ఉపగ్రహాలున్నాయి, వాతావరణ హెచ్చరికలున్నాయి, వీధికి నలుగురు ఇంజినీర్లున్నారు. సైన్స్‌కి కొదవ లేదు. ఇల్లు కట్టిన స్థలం ఒకప్పుడు చెరువు శిఖమన్న, అంటే నీళ్లు నిలిచే నేలన్న సంగతి మాత్రం కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. నల్లకుంట, మాసాబ్‌ట్యాంక్, తలాబ్‌కట్ట అని రోజూ పలుకుతాం. ఆ పేర్లలో నీళ్లున్నాయని బడిలో ఎవరూ చెప్పలేదు. నీళ్లు పల్లానికి పారతాయని సైన్స్ నేర్పింది. మన వీధి పల్లంలో ఉందని చరిత్ర చెప్పాలి.

గోదావరి జిల్లాల వాళ్లకు కాటన్ దొర సంగతి చెప్పనక్కర్లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. అయితే అడుగు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఆయన నేర్చుకున్నది కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను చూసి. ఆ అప్పును ఆయనే ఒప్పుకున్నారు కూడా. పాత కట్టడాన్ని చదవడం తెలిసిన ఇంజినీరు కాబట్టి డెల్టా పచ్చబడింది. ఈ విషయాన్ని ఫిజిక్స్ పాఠంలో చెబుతారా, సోషల్ పాఠంలోనా? నాకు తెలిసి రెండింట్లోనూ చెప్పరు.

2023లో, కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది. పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలోంచి మొఘల్ దర్బారుల అధ్యాయం పోయింది. పిల్లల మీద భారం తగ్గించడానికే అన్నారు. పరిణామం పాఠం కోసం పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. చరిత్రకారులు వేరేగా ప్రకటన ఇచ్చారు. నేను రెండు వైపులా నిలబడతాను. అక్కడ కోత పడింది ఒకే విద్య మీద: ‘ఇది నిజమని నీకెలా తెలుసు?’ అని అడిగే విద్య. శిలాజాన్ని అడిగినా, శాసనాన్ని అడిగినా ప్రశ్న అదే. ఫోన్లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌నీ నమ్మేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు ఇంతమంది ఎందుకున్నారంటే, వాళ్లకు బడిలో రెండు సబ్జెక్టుల్లోనూ జవాబులే ఇచ్చారు, ఆ ప్రశ్న ఇవ్వలేదు.

సైన్స్‌కి మేలు జరుగుతోందా అంటే అదీ లేదు. చాలా బడుల్లో ల్యాబ్ తాళం వేసే ఉంటుంది, రికార్డు చూసి రాసుకుంటారు. సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. మనకది ఒక మార్కు బిట్. ఆయన ఎన్ని వందల దోమల్ని వృథాగా కోశాడో, ఏ రకం దోమను చూడాలో తెలియక ఎంత కాలం తప్పుదారిలో తిరిగాడో చెబితే పరిశోధన అంటే ఏమిటో పిల్లాడికి అర్థమవుతుంది. ఆ కథ తీసేస్తే మిగిలేది పేరు, సంవత్సరం.

ఇంకో దృశ్యం నన్ను బాధపెడుతుంది. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర బీటెక్ పూర్తిచేసిన పిల్లలు గ్రూప్స్ కోసం శాతవాహనుల దగ్గర మొదలుపెట్టి తెలంగాణ ఉద్యమం దాకా రాత్రింబవళ్లు చదువుతుంటారు. పన్నెండేళ్లప్పుడు కథగా వినాల్సినదాన్ని పాతికేళ్ల వయసులో, ఇంటి అద్దె లెక్కపెట్టుకుంటూ, మళ్లీ బట్టీయే పడుతున్నారు. వాళ్ల నుంచి సోషల్ పీరియడ్ తీసుకున్నవాళ్లెవరూ ఇప్పుడు ఆ ఫీజు కట్టరు.

రెండింట్లో ఏది ముఖ్యమని గట్టిగా అడిగితే, ఈ రోజు మన బడిలో చరిత్ర పక్షమే నాది. పిల్లలకు ఎక్కువ అన్యాయం జరుగుతున్నది అక్కడే. అదనంగా పీరియడ్లు కూడా అడగడం లేదు, ఉన్నవి లాక్కోకండి. ఏడాదిలో ఒక్క రోజు సైన్స్ సారు, సోషల్ టీచరు కలిసి పిల్లల్ని ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లనివ్వండి. 1908 వరదలో దాదాపు నూట యాభై మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చెట్టు అది. వాళ్లు ఏ కొమ్మ దాకా ఎక్కి ఉంటారో పిల్లల్నే కొలవమని టేపు చేతికివ్వండి.