ఖాళీ రోడ్డు అనే ఉపద్రవం

హైదరాబాదులో పాతికేళ్లుగా కారు నడుపుతున్న మనిషికి పల్లెటూరి రోడ్డు మీద ప్రశాంతంగా ఎలా ఉండాలో ఇంతవరకు ఎవరూ నేర్పలేదు. ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా రోజూ ముందు బండికి జానెడు దూరంలో, కుడివైపు దూరే ఆటో కోసం అద్దం మడుచుకుంటూ, ఎడమవైపు దూరే బైకును లోలోపల తిట్టుకుంటూ బతికే ప్రాణి అతడు. అటువంటి వాణ్ణి ఒక ఆదివారం పొద్దున ఉన్నట్టుండి కనుచూపు మేరలో మరో బండి లేని రోడ్డు మీద వదిలేస్తే అతని నరాలు ఏమైపోతాయో ఆలోచించవలసిన బాధ్యత పాలకులకు లేదా?

సముద్రంలో బాగా లోతుకు దిగిన వాణ్ణి అమాంతం పైకి లాగకూడదంటారు. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే అతని నెత్తుటిలో కరిగివున్న నైట్రోజన్ బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి, మధ్యమధ్య ఆపుతూ మెల్లగా పైకి తెస్తారు. మన నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశారు గానీ, దాని మీద ఏ టోల్ గేటు దగ్గరా ఇటువంటి ఏర్పాటు లేదు. డబ్బులు తీసుకుంటారు, పొమ్మంటారు, అంతే. ప్రతి గేటు పక్కనా ఒక రేకుల షెడ్డు వేసి, అందులో నగరవాసిని అరగంట కూర్చోబెట్టి, పంజాగుట్ట చౌరస్తా హారన్ల మోతను మొదట పూర్తి స్థాయిలోనూ, తరువాత క్రమంగా తగ్గిస్తూనూ వినిపించి, చివరికి ఒక పిట్ట కూత వినిపించాక బయటికి వదలాలని నేను ఒక అర్జీ రాసి పెట్టుకున్నాను. దాన్ని రోడ్లు, భవనాల శాఖకు ఇవ్వాలా, వైద్యారోగ్య శాఖకు ఇవ్వాలా అన్నది తేలక ఆగిపోయాను.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. కిందటి కార్తీకంలో పరిగి అవతల మా అత్తగారి ఊళ్లో వనభోజనాలు పెట్టుకున్నారు. బయలుదేరే ముందు మా కాలనీ యోగా మాస్టారు, శ్వాస లోపలికి తీసుకున్న దానికంటే నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుందని చెప్పి పంపారు. ఆయన చెప్పింది నిజమే. అయితే అప్పా జంక్షన్ దగ్గర నేను ఊపిరి వదిలేలోగా నా ముందు ఖాళీలోకి రెండు కార్లు దూరాయి.

ఔటర్ మీద 2023 నుంచి కార్లకు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. ఆ వేగానికి కన్ను ఒకసారి అలవాటు పడిందంటే, దిగాక 70లో పోతున్నా ఎడ్లబండిలో కూర్చున్నట్టే ఉంటుంది. కేంద్రం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం మామూలు రోడ్ల మీద కారుకు 70 దాటకూడదు. నాకది వేగంలా తోచలేదు, ఎవరో పనిగట్టుకుని చేసిన అవమానంలా తోచింది. మొయినాబాద్ దాటాక రోడ్డుకు ఇరువైపులా ఊడలు దించిన పాత మర్రిచెట్లు వస్తాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేయాలా వద్దా అన్న తగువు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అంతమంది అంతకాలం పోట్లాడుకున్న ఆ నీడలోంచి నేను పోయాను గానీ, చెట్లు చూశానని మాత్రం ప్రమాణం చేయలేను, ఎందుకంటే అప్పటికి ఒక తెల్ల కారు నన్ను దాటిపోయింది.

ఆ కారులో ఎవరున్నారో నాకు తెలియదు. వారికీ నాకూ గట్టు తగాదా లేదు, ఉద్యోగంలో పోటీ లేదు. అయినా తరువాతి పన్నెండు కిలోమీటర్లు ఆ కారును పట్టుకోవడం తప్ప నా జీవితానికి వేరే లక్ష్యం లేకపోయింది. పట్టుకున్నాను కూడా. ఆ రాత్రి తీరిగ్గా లెక్క వేసి చూస్తే, పన్నెండు కిలోమీటర్లను 60కి బదులు 70లో నడిపినందుకు నేను సంపాదించినది ఒక నిమిషం నలభై మూడు సెకన్లు. ఆ సంపాదనను ఎక్కడ దాచానో ఎంత వెతికినా దొరకలేదు.

పరిగి దాటి ఊరి రోడ్డులోకి మళ్లాక అసలు కష్టం మొదలైంది. రెండు పక్కలా పసుపు పూత మీదున్న కంది చేలు, రోడ్డు మీద ఎండ, వేరే ఏమీ లేదు. నగరంలో కోపానికి ఒక చిరునామా ఉంటుంది. ఆటో ఉంటుంది, బస్సు ఉంటుంది, రాంగ్ రూటులో వచ్చి మనల్నే గుర్రుగా చూసే మహానుభావుడు ఉంటాడు. ఇక్కడ తిట్టడానికి మనిషే లేడు. ఎదురుగా గొర్రెల మంద వస్తే ఆశగా హారన్ కొట్టాను. అవి తలెత్తి కూడా చూడలేదు. కాపరి మాత్రం నన్ను పలకరించారనుకుని నవ్వుతూ చెయ్యి ఊపాడు. అటువంటి వాడి మీద ఏ మర్యాదస్తుడైనా కోపం ఎలా నిలుపుకోగలడు?

ఆ తరువాత పత్తి ట్రాక్టర్ తగిలింది. ట్రాలీకి రెండు పక్కలా పొంగిపోయేలా పత్తి నింపి, పైన తాళ్లతో బిగించారు. రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు దాని తెల్లటి పోగులు చిక్కుకుని వేలాడుతున్నాయి, అంటే నాకు ముందు చాలా ట్రాక్టర్లు పోయాయన్న మాట. డ్రైవర్ పెట్టుకున్న పాటల ముందు నా హారన్ తంబూరా శ్రుతిలా కలిసిపోయింది. వెనకాల పావుగంట నడిచాను. ఆ పావుగంటలో నా చేతులు స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే వేళ్ల కణుపులు పాలిపోయాయి. మా ఆవిడ అది చూసి, "ఏమండీ, అదేమీ ఎగిరిపోదు, వదులుగా పట్టుకోండి" అంది. ఇటువంటి సమయంలో భార్య చెప్పే మాట ఎంత సరైనదైతే అంత భరించరానిదిగా ఉంటుందని అనుభవజ్ఞులకు చెప్పనక్కరలేదు.

ట్రాక్టర్ చేనులోకి తిరిగిందో లేదో, సగం రోడ్డు నిండా వడ్లు ప్రత్యక్షమయ్యాయి. అంచు వెంబడి రాళ్లు పేర్చారు. రోడ్డు మీద వడ్లు ఆరబోయవద్దని పోలీసులు ఏటా చెబుతారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కనుక రైతులు ఏటా ఆరబోస్తారు. ఒక ముసలమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పాదాలతో వడ్లలో సాళ్లు తీస్తూ అటునుంచి ఇటు నడుస్తోంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఆ లెక్క తెలిసి కూడా నేను బ్రేకు కంటే ముందు హారన్ మీద చెయ్యి వేశాను. అది నా తప్పు కాదు, అమీర్‌పేట తప్పు. బండి మాత్రం రాళ్లకు బారెడు ఇవతల ఆగింది.

ముసలమ్మ గబగబా కారు దగ్గరికి వచ్చి కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది.

"ఏమైంది కొడుకా, దవాఖానకు తీస్కపోతున్నవా ఎవరినన్నా?"

"లేదమ్మా, వనభోజనాలకు పోతున్నాం" అంది మా ఆవిడ, నేను అబద్ధం ఆలోచించేలోగా.

"గట్లనా. మరి గంతగనం ఎందుకు ఒత్తుతున్నవు?"

నా సర్వీసులో ఇంత కఠినమైన ప్రశ్న ఏ ట్రాఫిక్ ఎస్సై కూడా వేయలేదు. ఆమె జవాబు కోసం నిజంగానే కాసేపు ఆగింది. నేను స్టీరింగు వైపు చూశాను. చివరికి ఆమే జాలిపడి రెండు రాళ్లు పక్కకు జరిపి, "మెల్లగ పో బిడ్డా" అని దారి ఇచ్చింది.

అత్తగారి మామిడి తోటకు చేరేసరికి మా బావమరిది చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి సర్దుతున్నాడు. "బావా, గింత జల్ది వచ్చినవేంది? ఇంకా పొయ్యి గూడ ముట్టియ్యలే" అన్నాడు. నా ఒక నిమిషం నలభై మూడు సెకన్లు అక్కడ కట్టెలు ఏరడానికి ఉపయోగపడ్డాయి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక కూడా నా గుండె దడ తగ్గలేదు. ఎదురుగా వచ్చే బండి దగ్గరపడగానే తన లైటు కిందికి దించుతుంటే, ఇందులో ఏదో మోసం ఉందని ప్రతిసారీ భయం వేసింది. గచ్చిబౌలి దగ్గర ఔటర్ దిగాం. నాలుగు వరుసల్లో బండ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి, వెనకవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు, ఎవడో నా అద్దాన్ని మోచేత్తో మడిచి పోయాడు. నా వేళ్లు స్టీరింగు మీద వాటంతట అవే వదులయ్యాయి, ఊపిరి మాస్టారు చెప్పినట్టే నెమ్మదిగా బయటికి వచ్చింది.

"ఇప్పుడు బాగుందా?" అని అడిగింది మా ఆవిడ.

జవాబు చెప్పడానికి నాకు తీరిక లేదు. సిగ్నల్ పచ్చబడటానికి ఇంకా మూడు సెకన్లు ఉంది, ముందువాడు బండి కదపడం లేదు.