ప్రళయ కావేరి ఎక్కడుందో చెప్పండి చూద్దాం

మొన్న మా చెన్నై ఆఫీసు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో అమెరికా సరస్సు వీడియో ఒకటి పెట్టారు. దాని వింతలూ విశేషాలూ చూసి అందరూ ఒకటే మురిసిపోవడం. గ్రూపులో సగం మందిది నెల్లూరు, తిరుపతి వైపే. ఉండబట్టలేక "మన ప్రళయ కావేరి చూశారా?" అని అడిగాను.

"కావేరి తంజావూరు దగ్గర కదన్నా?" అన్నాడొక కుర్రాడు. వాడి సొంతూరు సూళ్లూరుపేట! ఒళ్లు మండిపోయింది.

ప్రళయ కావేరి అంటే పులికాట్ సరస్సు నాయనా. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. ఎక్కువ భాగం ఆంధ్రాలోనే ఉంది. తమిళులది చిన్న ముక్కే, అయినా వాళ్లు 'పళవేర్కాడు' అని తమ పేరుతోనే పిలుచుకుంటారు. మనం మాత్రం ఉన్న పేరు పారేసి పులికాట్ అంటున్నాం. పైగా ఫ్లెమింగోలొచ్చే నాలుగు రోజులే గుర్తొస్తుంది మనకి.

పేరులో ప్రళయం ఉంది గానీ చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. ఎండాకాలం ఉత్తరం వైపు చాలా మేర నేల తేలిపోతుంది. సముద్రం కలిసేచోట ఇసుక మేట వేస్తే రొయ్యపిల్ల లోపలికి రాదు, జాలర్లకి పూట గడవదు. పోయినేడాది సరస్సు ఒడ్డునున్న పళవేర్కాడు ఊరు వెళ్లినప్పుడు ఇరుళ అనే గిరిజన తెగ ఆడవాళ్లని చూశాను. తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకుని, లోతులేని నీళ్లలో మోకాళ్ల మీద పాకుతూ, రెండు చేతులతో బురద తడుముతున్నారు. రొయ్య తగిలిందా, కంటితో చూడకుండానే బుట్టలోకి. అరగంట నిలబడిపోయాను. వలా లేదు, పడవా లేదు.

ఇక చరిత్ర. మద్రాసు పుట్టింది 1639లో. అంతకు ముందే, విజయనగర రాజు వెంకటపతిరాయలు అనుమతిస్తే డచ్చివాళ్లు ఈ ఊళ్లో దిగి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690 దాకా కోరమండల్ తీరంలో వాళ్ల వ్యాపారానికంతా ఇదే రాజధాని. ఇక్కడి గళ్ల బట్ట ఎంత దూరం పోయిందంటే, మలేసియాలో ఇప్పటికీ గళ్ల లుంగీని 'కయిన్ పెలికాట్' అంటారు. బట్టలతోపాటు మనుషుల్నీ ఓడలెక్కించి బానిసలుగా అమ్మారు. సరదా విశేషాల వీడియోల్లో ఇలాంటివి రావు లెండి. కోట ఇప్పుడు పొదలపాలు. డచ్చివాళ్ల శ్మశానం మాత్రం మిగిలింది, గేటు దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలతో సహా. పగలే కాస్త గుండె జారింది నాకు.

సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డుగోడలా ఉన్న ఇసుక దీవే శ్రీహరికోట. అక్కడ అర కోటి శివలింగాలుండేవనీ, 'అరకోటి' అన్నదే హరికోట అయిందనీ ఒక కథ చెబుతారు. నిజమెంతో ఆ శివుడికే తెలియాలి. రాకెట్ ఎగిరిన ప్రతిసారీ చెన్నైలో మేడలెక్కి ఫోన్లు పైకెత్తుతాం. దాని పక్కనున్న ఇన్ని నీళ్లని ఒక్కడూ తలుచుకోడు.

ఆ సూళ్లూరుపేట కుర్రాడు రాత్రి మెసేజ్ పెట్టాడు. "అమ్మకి తెలుసంటన్నా. వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో ఆ పేరే అనేవాళ్లంట. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, నువ్వెప్పుడైనా అడిగావా అంది."