పది ఫలితాల గొడవలో పట్టని ఆరో తరగతి

పది ఫలితాలు వచ్చాయంటే మండల కేంద్రంలోని జెడ్పీ హైస్కూలు మీద పడని వాళ్లుండరు. ఎంతమంది తప్పారు, ఎవరి సబ్జెక్టులో తప్పారు? 2025లో ఆంధ్రప్రదేశ్ ఉత్తీర్ణత 81.14 శాతమే కావడంతో ఈ ఆరా ఇంకా పెరిగింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఊసు మాత్రం ఎవరికీ పట్టదు. అక్కడ పబ్లిక్ పరీక్షా లేదు, పేపర్లో ఫొటోలూ ఉండవు.

పిల్లల చదువు, లెక్కల స్థాయిని ఇళ్లకు వెళ్లి పరీక్షించే అసర్ 2024 సర్వేలో, దేశంలోని పల్లె ప్రాంతాల ఎనిమిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగింది 45.8 శాతమే. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే మామూలు లెక్క అది. దాదాపు 29 శాతం మంది రెండో తరగతి పాఠం కూడా తడుముకోకుండా చదవలేకపోయారు. వీళ్లకు బీజగణితం ఎవరు చెప్పగలరు?

అసలు చిన్న ఊళ్లో ఆరో తరగతికి మిగిలేదెవరు? కాస్త స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలను ప్రైవేటు బడి బస్సు గుమ్మం దగ్గరికే వచ్చి ఎక్కించుకుపోతుంది. ప్రవేశ పరీక్షలో నెగ్గినవాళ్లు అయిదో తరగతికే గురుకులంలో చేరిపోతారు. ఆ పైన నవోదయ. వెళ్లడంలో తప్పేమీ లేదు, వెళ్లాలి కూడా. కానీ ఇన్ని జల్లెళ్లు పట్టాక మిగిలిన తరగతిని గురుకులంతో పోల్చి ‘సర్కారు బడి ఇంతే’ అనడం అన్యాయం.

అలాగని ప్రభుత్వాన్ని వదిలేయలేం. ఆరు నుంచి ఎనిమిది వరకు లెక్కలు–సైన్సుకు, సోషల్‌కు, భాషలకు కనీసం ఒక్కో టీచరు ఉండాలన్నది 2009 విద్యాహక్కు చట్టం. టీచర్ల సర్దుబాటుపై 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 117 జీవో మాత్రం పిల్లలు తక్కువున్న యూపీ (ప్రాథమికోన్నత) స్కూళ్లను ఎస్జీటీలకే, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే టీచర్లకే వదిలేసింది. అదే ఏడాది డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులొచ్చాయి! భాగహారం రాని చోట కొరత ట్యాబుదా, లెక్కల మాస్టారిదా? ఆ జీవోను 2025లో రద్దు చేశారు, మంచిదే. అయితే ఆ మూడేళ్లు అక్కడ చదివిన పిల్లలు ఇప్పటికే హైస్కూలు తరగతుల్లోకి వచ్చేశారు.

ఆరులో చేరిన జూన్‌లోనే ప్రతి పిల్లవాడికీ చదవడం, లెక్క చేయడం ఎంత వచ్చో రాసిపెట్టాలి. ఎనిమిది ముగిసే ఏప్రిల్‌లో మళ్లీ చూడాలి. ఆ రెండింటి తేడాను ఊరి తల్లిదండ్రుల ముందు చదివి వినిపిస్తే, ఆ బడి పనితీరేమిటో పది ఫలితాల దాకా ఆగకుండానే తెలుస్తుంది.