ఎర్రర్ కనిపించగానే ఫార్మాట్ కొట్టే అలవాటు పోవాలి

యాంటీవైరస్ స్కాన్ పూర్తయి, పట్టుబడిన ఫైళ్లన్నీ తొలగిపోయి, ఇక పీడ విరగడైందనుకున్న మరుసటి ఉదయం కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. దాని పైన ‘రన్‌డీఎల్‌ఎల్’ అని, కింద ఫలానా ఫైలును ప్రారంభించడంలో సమస్య వచ్చిందని, పేర్కొన్న మాడ్యూల్ దొరకలేదని ఆంగ్లంలో రాసి ఉంటుంది. ఓకే నొక్కితే పోతుంది, మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, డీటీపీ కేంద్రాలు నడిపేవారిలో దీన్ని చూడనివారు తక్కువ. చూసినవారిలో ఎక్కువమంది వైరస్ ఇంకా పోలేదని బెదిరి, సీపీయూను ఆటోలో పెట్టుకొని సర్వీస్ షాపుకు పరుగెత్తుతారు. అక్కడ తరచుగా వినిపించే తీర్పు ఒక్కటే: ‘ఫార్మాట్ కొట్టాలి.’ చాలా సందర్భాల్లో ఈ తీర్పు తప్పు. అంతేకాదు, పరిశీలించకుండానే తీర్పు చెప్పే ఈ అలవాటు మన జిల్లాల్లో కంప్యూటర్ మరమ్మతు అనే వృత్తినే లోపలి నుంచి తినేస్తోంది.

ఆ పెట్టె నిజానికి చెబుతున్నదేమిటో చూద్దాం. హానికర ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో చేరినప్పుడు సాధారణంగా రెండు పనులు చేస్తుంది. తన ఫైలును ఎక్కడో ఒక మూల దాచుకుంటుంది. విండోస్ మొదలైన ప్రతిసారీ తనను పిలవమని మరోచోట ఒక నమోదు చేయించుకుంటుంది. యాంటీవైరస్ ఫైలును గుర్తించి తొలగించినా, ఆ నమోదు చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది. చనిపోయిన మనిషి పేరు రేషన్ జాబితాలో ఉండిపోతే డీలర్ నెలనెలా ఆ పేరు చదివి, ఎవరూ రాకపోయేసరికి గైర్హాజరు రాసుకున్నట్టు, విండోస్ లేని ఫైలును పిలిచి దొరకలేదని చెబుతోంది. అంటే ఆ సందేశంలో పేరున్న ఫైలు ఇప్పుడు అక్కడ లేదు, కనుక అది నడవడం లేదు. భయపెడుతున్న ఆ సందేశమే ఆ ఒక్క ఫైలు విషయంలో శుద్ధి జరిగిందనడానికి సాక్ష్యం.

మరి యాంటీవైరస్ ఆ నమోదును కూడా ఎందుకు తీసేయదన్న ప్రశ్న సహజమే. రన్‌డీఎల్‌ఎల్32 అనేది మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రామ్. ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఉండే డీఎల్‌ఎల్ ఫైళ్లు తమంతట తాము నడవలేవు కాబట్టి వాటిలోని పనిని నడిపించడానికి విండోస్‌లోనే ఉంచిన సాధనం అది. హానికర ప్రోగ్రామ్ తన డీఎల్‌ఎల్‌ను దీని చేత పిలిపించుకుంటుంది. విండోస్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితాలో, అంటే స్టార్టప్ జాబితాలో, మొదట కనిపించేది నిర్దోషి అయిన మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ పేరే, దోషి పేరు ఆ వాక్యం చివర ఉంటుంది. వీబీఎస్ స్క్రిప్టుల (ఆదేశాలు రాసి ఉండే చిన్న ఫైళ్ల) విషయంలో డబ్ల్యూస్క్రిప్ట్ అనే మరో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్‌తోనూ ఇదే జరుగుతుంది. పైగా విండోస్ తన అమరికలన్నీ రాసిపెట్టుకునే రిజిస్ట్రీలో తప్పు చోట చేయి పెడితే కంప్యూటర్ లోపలికే రానివ్వని స్థితి ఏర్పడవచ్చు కాబట్టి, స్వయంచాలక సాధనాలు అక్కడ ఆచితూచి వ్యవహరిస్తాయి. మిగిలిన పని మనిషి చేయాలి. ఆ మనిషి మన సర్వీస్ షాపులో కూర్చున్న కుర్రాడే కావాలి.

ఆ పని కష్టమైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. మొదట సందేశంలోని ఫైలు పేరును, దాని దారిని యథాతథంగా రాసుకోవాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. యాప్‌డేటాలోనో, టెంప్ ఫోల్డర్‌లోనో అర్థంలేని అక్షరాల కలబోత లాంటి పేరు కనిపిస్తే అది వైరస్ శేషమేనని బలంగా అనుమానించవచ్చు. ప్రింటర్ పేరో, గ్రాఫిక్స్ కార్డు పేరో కనిపిస్తే ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ శేషం కావచ్చు. విండోస్ సొంత ఫైలే పోయి ఉంటే మాత్రం, అలాంటి ఫైళ్లను సరిచూసి తిరిగి పెట్టే సిస్టమ్ ఫైల్ చెకర్ పనికొస్తుంది. వైరస్ ఫైలు పోయినందుకు వచ్చే ఎర్రర్‌కు కూడా అదే చెకర్‌ను గంటలకొద్దీ నడిపించడం వృథా ప్రయాస. తనది కాని ఫైలును విండోస్ ఎక్కడి నుంచి తెచ్చిపెడుతుంది?

తరువాత ఆ పేరును ఎవరు పిలుస్తున్నారో వెతకాలి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ జాబితా ఉంది కానీ, అది చూపేది కొన్ని చోట్లనే. రిజిస్ట్రీలో యూజర్‌కు ఒకటి, మొత్తం యంత్రానికి ఒకటి చొప్పున ‘రన్’ కీలు ఉంటాయి; 64 బిట్ విండోస్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాముల కోసం మరో ‘రన్’ కీ ఉంటుంది; వీటితో పాటు స్టార్టప్ ఫోల్డర్, టాస్క్ షెడ్యూలర్, సర్వీసులు, లాగిన్ పనిని చూసుకునే విన్‌లాగాన్ కింది షెల్, యూజర్‌ఇనిట్ విలువలు ఉంటాయి. ఇన్ని చోట్లనూ ఒకే తెరపై చూపించే ఆటోరన్స్ అనే సాధనాన్ని మార్క్ రుస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తమ సిస్‌ఇంటర్నల్స్ సంస్థ ద్వారా రూపొందించారు. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొన్నది. సాధనం ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే, ఫైలు లేకుండా పిలుపు మాత్రమే మిగిలిన నమోదులు పసుపు రంగులో కనిపిస్తాయి. రాసుకున్న పేరును అక్కడ వెతికి, ముందు టిక్ మాత్రం తీసేసి, రీస్టార్ట్ చేసి, ఎర్రర్ రాకపోతే అప్పుడు ఆ నమోదును తొలగించాలి. రిజిస్ట్రీని నేరుగా దిద్దేవారు ముందుగా ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి.

ఒక్కచోట మాత్రం అత్యంత జాగ్రత్త అవసరం. విన్‌లాగాన్‌లోని యూజర్‌ఇనిట్ విలువలో విండోస్ సొంత ఫైలు దారి, దాని తరువాత ఒక కామా ఉంటాయి. హానికర ప్రోగ్రామ్ ఆ కామా తరువాత తన పేరు చేర్చుకుంటుంది. తీసేయవలసింది ఆ చేర్చిన భాగాన్నే. మొత్తం విలువను చెరిపేస్తే పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి వెళ్లలేని దశ వస్తుంది. ఇక ఒక్క క్లిక్కుతో రిజిస్ట్రీని శుభ్రం చేస్తామని ప్రకటించుకునే క్లీనర్ల జోలికి పోనే వద్దు. అలాంటి సాధనాల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే స్పష్టంగా చెప్పింది.

ఇంత సులువైన పని ఉండగా ఫార్మాట్ కొట్టడం వల్ల జరిగే నష్టం ఎంతటిదో షార్ట్‌కట్ వైరస్ చూపిస్తుంది. ఉత్తర తెలంగాణలో పెన్‌డ్రైవ్ ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల బైండింగ్ షాపులకు విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టులు అందులోనే తెస్తారు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్‌కు వెళ్లేవారి పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల స్కాన్లు అందులోనే తిరుగుతాయి. ఈ రకం వైరస్ పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తగిలించి కనిపించకుండా చేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. షార్ట్‌కట్ నొక్కితే స్క్రిప్టు నడిచి, ఆ కంప్యూటర్ స్టార్టప్‌లో తన నమోదు చేసుకుంటుంది. యాంటీవైరస్ ఆ స్క్రిప్టును తొలగించిన తరువాత కంప్యూటర్ ఆన్ చేస్తే స్క్రిప్టు ఫైలు దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్ నొక్కినా ఏమీ తెరుచుకోదు, ఫోల్డర్ కనిపించదు. యజమాని డేటా అంతా పోయిందనుకుంటాడు. వాస్తవానికి అది పోలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ ఆదేశంతో ఆ గుర్తులు తీసేస్తే ఫోల్డర్లు యథాస్థానంలో ప్రత్యక్షమవుతాయి. ఆ సంగతి తెలియని వ్యక్తి పెన్‌డ్రైవ్‌ను ‘వైరస్ ఉంది’ అంటూ ఫార్మాట్ చేసిన క్షణంలోనే డేటా నిజంగా పోతుంది. వైరస్ చేయని నాశనాన్ని వైద్యం పేరుతో మనమే చేస్తున్నాం. ఒక విద్యార్థి ఏడాది శ్రమను ఇలా చెరిపేసి, ఆపై దానికి కూలి కూడా తీసుకోవడం నా దృష్టిలో క్షమించరాని విషయం.

కంప్యూటర్ విషయంలోనూ నష్టం తక్కువేమీ కాదు. డీటీపీ కేంద్రం అయితే తెలుగు అక్షరాల అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, వాటి లైసెన్సులు మళ్లీ సమకూర్చుకోవాలి. మీసేవ కేంద్రం అయితే వేలిముద్ర యంత్రం డ్రైవర్లు, దాన్ని ఆధార్‌తో కలిపే ఆర్‌డీ సర్వీస్, డిజిటల్ సంతకం టోకెన్ అన్నీ మళ్లీ అమర్చేదాకా కౌంటర్ మూసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం కోసం ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన రైతు వెనక్కి తిరగాలి. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం అయితే సీ డ్రైవ్‌లోనే ఉండిపోయిన ట్యాలీ డేటా మాటేమిటని అడగవలసి ఉంటుంది. ఆ ప్రశ్న ముందే అడిగే షాపులు లేవనను, కానీ అడగనివి ఉన్నాయి.

ఫార్మాట్‌ను సమర్థించేవారి వాదనలో బలమైన అంశం ఒకటుంది. ఒక హానికర ప్రోగ్రామ్ బయటపడితే దానితో వచ్చిన మరొకటి కనిపించకుండా ఉండిపోవచ్చు. తనను తాను దాచుకునే రూట్‌కిట్, పాస్‌వర్డులు దొంగిలించే ట్రోజన్, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వంటివి చొరబడిన యంత్రాన్ని మళ్లీ నమ్మాలంటే మొత్తం చెరిపి కొత్తగా నిర్మించడమే మేలని భద్రతా నిపుణులూ చెబుతారు. ఇది నిజం. తొలగించిన నమోదు తనంతట తానే పుట్టుకొస్తుంటే, లోపల ఏదో సజీవంగా ఉందని అర్థం. అప్పుడు ఆ మార్గమే సరైనది.

కానీ మన షాపుల్లో జరుగుతున్నది నిపుణులు చెప్పే ఆ పని కాదు. చాలాచోట్ల సీ డ్రైవ్‌ను మాత్రమే చెరుపుతారు, కస్టమర్ ఫైళ్లున్న డీ డ్రైవ్‌ను అలాగే వదిలేస్తారు. వైరస్ కాపీ అక్కడ ఉంటే మొదటి డబుల్ క్లిక్కుతో అది సీ డ్రైవ్‌కు తిరిగి వస్తుంది. అదే పెన్‌డ్రైవ్ మళ్లీ పెడతారు. పాస్‌వర్డులు మార్చుకోమని ఎవరూ చెప్పరు. అన్నింటినీ మించి, కొత్తగా వేసే విండోస్ తరచుగా దొంగ కాపీయే. దాన్ని యాక్టివేట్ చేయడానికి నడిపే కేఎంఎస్ క్రాక్ సాధనాల కోసం విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌ను ఆపేయమంటారు, ఆ సాధనం టాస్క్ షెడ్యూలర్‌లో తన నమోదు చేసుకుంటుంది, కొంతకాలానికి యాంటీవైరస్ దాన్ని పట్టుకొని ఫైలు తొలగిస్తుంది, నమోదు మిగులుతుంది, తెరపై మళ్లీ అదే రకం పెట్టె వస్తుంది, సీపీయూ మళ్లీ ఆటో ఎక్కుతుంది. ఏ సమస్య కోసం ఫార్మాట్ కొట్టారో ఆ సమస్య విత్తనాన్ని ఫార్మాట్‌తో పాటే నాటి పంపిస్తున్నారు. దీనికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రాలు విండోస్ 11కు అధికారికంగా మారలేవు. ఇలాంటి యంత్రాల మీద ఆధారపడిన చిన్న షాపులకు శుద్ధి చేయడం తెలిసిన మనిషి అవసరం ఇకపై పెరుగుతుందే తప్ప తగ్గదు.

తప్పంతా షాపు కుర్రాళ్ల మీదకు నెట్టడం అన్యాయం. కారణం వెతికినందుకు మనం డబ్బు ఇవ్వం. అరగంట కూర్చొని ఒక్క నమోదును తొలగించిన వ్యక్తిని ‘ఒక్క క్లిక్కుకు ఇంతా’ అని నిలదీస్తాం, విండోస్ మొత్తం మళ్లీ వేసిన వ్యక్తికి మారు మాట్లాడకుండా చెల్లిస్తాం. ఏ పనికి కూలి దొరుకుతుందో ఆ పనే వృత్తిగా మిగులుతుంది. వరంగల్‌లో 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది, అది నేటి ఎన్ఐటీ. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. మడికొండలో ఐటీ సంస్థలు అడుగుపెట్టాయి. ఐటీ అభివృద్ధి అనగానే మనం ఇలాంటి భవనాలనే లెక్కపెడతాం. ఆ భవనాలకు కూతవేటు దూరంలో ఒక ఎర్రర్ సందేశాన్ని పూర్తిగా చదివి కారణం చెప్పగల మనిషి కోసం వెతుక్కోవలసి రావడం అభివృద్ధి లెక్కల్లో ఎక్కడా నమోదు కాదు. ఒక ప్రాంతం సాంకేతిక సత్తాను అక్కడ ఎన్ని కంపెనీలు ఉన్నాయన్నదాన్ని బట్టి కాక, అక్కడి చిన్న షాపులో చెడిపోయిన వస్తువును ఎంత తెలివిగా బాగు చేస్తారన్నదాన్ని బట్టి కొలవాలని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి చేయగలిగినవి మన చేతుల్లోనే ఉన్నాయి. ఐటీఐల్లో ఏడాది పాటు నేర్పే కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్ ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి ముందు స్టార్టప్ ఎర్రర్ వస్తున్న యంత్రాన్ని పెట్టి, ఫార్మాట్ చేయకుండా కారణం కనుక్కోమనాలి. 2017లో కేంద్రం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత శుద్ధి సాధనాలను, పెన్‌డ్రైవ్‌లను అదుపు చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్‌ను అందిస్తోంది. మీసేవ నిర్వాహకులకు ఇచ్చే శిక్షణలో వీటిని చేతితో వాడించి చూపాలి, తెలుగులో రాసిన ఒక పేజీ సూచనలను ప్రతి కౌంటర్ దగ్గర అతికించాలి. ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్ల వార్షిక నిర్వహణ ఒప్పందాల్లో మరో నిబంధన చేర్చాలి: ఏ ఫైలు దొరికింది, దాని నమోదు ఎక్కడ ఉంది, ఏది తొలగించారు, ఫార్మాట్ చేసి ఉంటే ఎందుకు తప్పలేదు అన్న వివరాలు రాసిచ్చిన తరువాతే బిల్లు మంజూరు చేయాలి. ఇందుకు కొత్త పథకం గానీ, కొత్త నిధులు గానీ అక్కర్లేదు. హనుమకొండ, వరంగల్ కలెక్టరేట్ల నుంచి చెరొక సర్క్యులర్ వెలువడితే వచ్చే ఒప్పందాల నుంచే ఇది అమల్లోకి వస్తుంది.