సవరణ: బిగించినదల్లా స్థిరాస్తి కాదు

ఇంటి విలువ కట్టడంపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో, గోడకో నేలకో బోల్టులతో బిగించిన ప్రతి వస్తువూ స్థిరాస్తేనని, దాని ధరను భవనం విలువలో కలపాలని రాశాను. అది తప్పు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మూడవ సెక్షన్ ప్రకారం, వేళ్లూనిన చెట్లు, నేలలో పాతుకున్న గోడలు, భవనాలతో పాటు, ఆ కట్టడాన్ని శాశ్వతంగా, ప్రయోజనకరంగా అనుభవించడానికి దానికి అమర్చినవే భూమికి అంటిపెట్టుకున్నవిగా లెక్కకు వస్తాయి. అంటే ఎలా బిగించారన్నదే కాక, ఎందుకు బిగించారన్నదీ చూడాలి. సిర్పూర్ పేపర్ మిల్స్ కేసులో, కాంక్రీటు దిమ్మెపై బిగించిన కాగితం యంత్రం కదలకుండా నడవడానికే అలా అమర్చారు కనుక అది స్థిరాస్తి కాదని సుప్రీంకోర్టు తేల్చింది. 1999లో డంకన్స్ ఇండస్ట్రీస్ కేసులో మాత్రం, ఎరువుల కర్మాగారం యంత్రాలను శాశ్వత వినియోగం కోసమే నెలకొల్పారని గమనించి, వాటిని స్థిరాస్తిగా పరిగణించి స్టాంపు డ్యూటీని సమర్థించింది.

ఇళ్ల విషయానికి ఎనిమిదవ సెక్షన్ ముఖ్యం. పత్రంలో వేరే ఉద్దేశం కనబడకపోతే తలుపులు, కిటికీలు, తాళాలు కొన్నవారికే చెందుతాయి. దేనికీ బిగించని తాళంచెవులు కూడా ఇంటితో పాటే వెళ్తాయన్నది గమనించాలి. ఏసీ, ఇన్వర్టర్ వంటి విడదీయగల వస్తువులను అమ్మకపు ఒప్పందంలో పేరుపేరునా రాసి, విడిగా విలువ కట్టించండి.