సవరణ: జైపాల్ రెడ్డి గారు, వికలాంగుల చట్టం

మొన్న శ్రీకాకుళం వికలాంగ మిత్రుల కోసం పెట్టిన పోస్టులో, 1995 వికలాంగుల చట్టాన్ని ఎస్.జైపాల్ రెడ్డి గారు కేంద్రమంత్రిగా తెచ్చారని రాశాను. అది తప్పు. పార్లమెంటు రికార్డుల ప్రకారం దాన్ని తెచ్చింది పి.వి. ప్రభుత్వం. అప్పుడు జైపాల్ రెడ్డి గారు రాజ్యసభలో, ప్రతిపక్షంలో ఉన్నారు. కేంద్రమంత్రి అయింది 1997లో. పోలియోతో ఊతకర్రల మీద నడుస్తూనే 1969 నుంచి 1984 దాకా కల్వకుర్తి ఎమ్మెల్యేగా ఉన్నారన్నది మాత్రం నిజం. ఆయనకు ఆ ఘనత చాలు.

ఇంకోటి, ఇది ముఖ్యం. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ అని రాసింది పాత లెక్క. 2016 చట్టంలో అది 4 శాతం, వైకల్యాల రకాలూ 7 నుంచి 21 అయ్యాయి. టెక్కలి, పలాస వైపు నుంచి దరఖాస్తులు పెట్టే మన పిల్లలు పాత లెక్క నమ్మి నష్టపోకూడదు. సరిచూడకుండా రాశాను, పొరపాటు నాదే. పాత పోస్టు దిద్దాను.